మిద్దె మీద కప్పు, కప్పు మీద మిద్దె

మా చెల్లెలి కూతురి కంప్యూటర్‌కు ఒక మొండి నమ్మకం ఉండేది. నాలుగు గోడలు ఎక్కడ కలిసినా వాటి మీద ఏటవాలు కప్పు పడి తీరాలి. ఆ గోడలు వంటింటివా, కోళ్ల గూటివా, మిద్దె మీది పిట్టగోడవా అన్నది దానికి అనవసరం. గీత వెళ్లి గీతను తాకిన మరుక్షణం తెర మీద ఎర్ర పెంకుల కప్పు లేచి నిలబడేది.

ఇది 2008 వేసవిలో మొదలై మరుసటి ఉగాదికి తేలిన సంగతి. అప్పటికి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ అన్నీ ఒకటే జిల్లా. నేను లెక్కల టీచరుగా అంతకు ముందు ఏడాదే పదవీ విరమణ చేశాను. చెల్లెలి కూతురు సివిల్ డిప్లొమా చదివి, పెళ్లయి వనపర్తికే కోడలిగా వచ్చింది. వాళ్ల మామకు బస్టాండు రోడ్డు మీద ఒక షటర్ ఉంది. దాన్ని ఎరువుల వ్యాపారి ఒకాయన అద్దెకు అడుగుతున్నాడు. కోడలు మాత్రం అందులో ఇళ్ల ప్లాన్లు గీసే దుకాణం పెడతానంది. మామ చెడ్డవాడు కాదు. అరుగు మీద కూర్చుని నా ఎదుటే గడువు పెట్టాడు.

"ఉగాది దాంక చూస్త బిడ్డా. అప్పటికి నువ్వు గీసిన ఇల్లొకటి స్లాబు దాంక లేస్తే షటర్ నీదే. లేకుంటే ఎరువులాయనకిస్త. కంప్యూటర్ల ఇండ్లు ఎవరన్న కడ్తరు, భూమ్మీద కట్టాలె."

మాట న్యాయంగానే ఉంది. కాబట్టి పిల్ల నన్ను పిలిచింది. "పెద్దమ్మా, బటన్లు నేను చూస్త, కోణాలు నువ్వు చూడు" అంది. రోజూ పొద్దున వంట ముగించుకుని షటర్‌కు వెళ్లి కంప్యూటర్ పక్కన ఇనుప కుర్చీలో కూర్చునేదాన్ని.

సాఫ్ట్‌వేర్ హైదరాబాదు నుంచి సీడీలో వచ్చింది. దాన్ని తయారు చేసిన వాళ్ల ఊళ్లో మంచు పడుతుందని చూడగానే తెలిసిపోయేది. ఇళ్ల నమూనాలన్నిటికీ పొగగొట్టాలున్నాయి. ఇంట్లో పెట్టుకోవడానికి సామాను ఇచ్చారు గానీ అందులో రోలు లేదు, నీళ్ల తొట్టి లేదు, నులక మంచం లేదు. మంట కాచుకునే గూళ్లు మాత్రం పదకొండు రకాలు. మే నెలలో వనపర్తిలో కూర్చుని ఆ పదకొండూ చూశాం.

మొదటి బేరం గద్వాల అవతలి ఊరి నుంచి వచ్చింది. యాభై దాటిన రైతు. పల్లీలు, మిరప వేస్తాడు. తువాలు దులిపి భుజాన వేసుకుని, కంప్యూటర్‌ను ఎద్దును చూసినట్టు నాలుగు పక్కల నుంచీ చూసి, అప్పుడు కూర్చున్నాడు.

"ఇల్లు కట్టాలె. గానీ కట్టకముందే మా అవ్వకు చూపియ్యాలె. జాగ ఇంక ఆమె పేరనే ఉన్నది. ఆమెకు నచ్చితేనే వేలిముద్ర ఏస్తది."

"చూపిస్తం కాకా, గోడలు, తలుపులు అన్నీ చూపిస్తం" అంది మా పిల్ల.

"గోడలు ఆమె చూడదు. మిద్దె చూస్తది."

అతను చెప్పింది ఇది. పాత ఇల్లు రాతి గోడలది, మట్టి మిద్దె. అన్నదమ్ములిద్దరూ ఎనిమిదేళ్ల కింద పాలు పంచుకుని నడుమ ఒక గోడ లేపారు. అన్నది పడమటి సగం, గుమ్మం పడమటి వీధిలోకి. తమ్ముడిది తూర్పు సగం, గుమ్మం తూర్పు వీధిలోకి. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకని అడిగితే ఒక కారణం చెప్పాడు. తర్వాత తమ్ముడిని అడిగితే వేరే కారణం చెప్పాడు. రెండూ నిజమే కావచ్చు. వాళ్ల అవ్వ, అంటే తల్లి, ఒక నెల ఒకరింట్లో, ఒక నెల ఇంకొకరింట్లో ఉంటుంది. నెల మారే రోజు ఆమె బట్టల మూట చంకన పెట్టుకుని వీధిలోకి రాదు. వీధి వెంట పోవాలంటే ఆ ఇళ్ల వరసంతా చుట్టి రావాలి. పెద్దవాడి ఇంట్లో మెట్లెక్కి, మిద్దె మీద నడిచి, చిన్నవాడి ఇంట్లో మెట్లు దిగుతుంది. మా వైపు పాత ఊళ్లలో మిద్దెకు మిద్దె ఆనుకునే ఉంటుంది. ఆడవాళ్లు వీధుల్లో కంటే మిద్దెల మీదే ఎక్కువ నడిచేవాళ్లు. అందుకే ఆమె పెట్టిన షరతు ఒక్కటే. కొత్త ఇల్లు ఎట్లాగైనా కట్టుకోండి, మిద్దె మీంచి మిద్దె మీదికి నడిచిపోయేట్టు ఉండాలి.

పడమటి సగం వెడల్పు ఇరవై నాలుగు అడుగులు. మా పిల్ల గీసింది. నాలుగో గోడ మూలకు చేరగానే ఎర్ర పెంకులు లేచాయి.

రైతు ముందుకు వంగాడు. "ఇదేంది, ఫారెస్టోల్ల గెస్టుహౌసా?"

"కాదు కాకా, అదే ఏస్తది. తీసేస్త."

"తియ్యి బిడ్డా. దీని మీద మిరపకాయలు యాడ ఎండబోస్త? జారి పొయ్యి మా తమ్ముని మిద్దె మీద పడ్తయి. పుక్కట్ల తింటడు."

నేను లెక్క చూశాను. ఆ ప్రోగ్రాం తనకు తానుగా పెట్టుకున్న వాలు పన్నెండుకు ఆరు. ఇరవై నాలుగులో సగం పన్నెండు, కాబట్టి కప్పు కొన గోడల కంటే ఆరడుగులు పైన. మూటతో ఉన్న ముసలామె ఆరడుగులు ఎక్కి ఆరడుగులు జారాలి. వాలును సున్నా చేయమన్నాను. చేసింది. కప్పు మాయమైంది. ఇంట్లోకి పై నుంచి అంతా కనబడుతోంది.

"గిప్పుడు మంచిగ గాలొస్తది" అన్నాడు రైతు.

అప్పుడు మాకు ఒక సంగతి తట్టింది. ఈ ప్రోగ్రాం దృష్టిలో కప్పు అంటే వాన ఆపేది మాత్రమే. మనిషి నిలబడేది కాదు. మనకేమో మిద్దె అంటే ఇంట్లో ఇంకొక గది, పైన ఉంటుంది, అంతే. కాబట్టి దాన్ని కప్పుగా కాకుండా పై అంతస్తు నేలగా గీయాలి. గీశాం. చదునుగా, చక్కగా వచ్చింది. దాని చుట్టూ మూడడుగుల పిట్టగోడ పెట్టాం. పిట్టగోడ నాలుగో మూల కలిసింది.

ఎర్ర పెంకులు లేచాయి.

ప్రోగ్రాం తప్పేమీ లేదు, దాని లెక్కలో అది సరిగ్గానే ఉంది. నాలుగు గోడలు చుట్టుముట్టిన చోటు గది. గదికి కప్పు కావాలి. అది మూడడుగుల ఎత్తు గది అని, అందులో పిల్లి తప్ప ఎవరూ నిలబడలేరని దానికి ఎవరు చెబుతారు? మా పిల్లకు పంతం వచ్చింది. నేను ఆగమనే లోపలే ఆ కప్పు మీద ఇంకో నేల గీసి, దానికి పిట్టగోడ పెట్టింది. దాని మీద కప్పు పడింది. దాని మీద మళ్లీ నేల. మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ గీసింది. మిద్దె మీద కప్పు, కప్పు మీద మిద్దె. చివరికి ఇల్లు తెర దాటి పోయింది.

రైతు లేచి నిలబడి చూస్తున్నాడు. "బురుజు లెక్కన అయితున్నది" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. కొంచెం ఆశ ఉంది. "ఇంతెత్తు కట్టనీకె పర్మిషన్ ఇస్తరా?"

"కాకా, ఇది తప్పు."

"తప్పైనా మంచిగున్నది. మా తమ్ముని ఇంట్లకెల్లి కనబడ్తది గదా?"

ఆ రోజు అతన్ని పంపేశాం. మర్నాడంతా వెతికితే దొరికింది. ప్రతి గది వివరాల్లో మూడో పేజీలో అడుగున ఒక చిన్న గడి. ఈ గది మీద కప్పు ఉండాలా అని అడుగుతుంది. దాని పక్కనున్న టిక్కు తీసేస్తే పెంకులు పోయాయి. పిట్టగోడ నిలిచింది. ఆకాశం కనిపించింది. మేమిద్దరం టీ తెప్పించుకుని తాగాం.

కానీ తల్లికి చూపించాల్సింది ఒక్క పడమటి మిద్దె కాదు కదా. తమ్ముడి సగం కూడా పక్కన ఉంటేనే ఆమె నడక తెలుస్తుంది. రైతు మళ్లీ వచ్చినప్పుడు, అతను చెబుతుండగా తూర్పు సగం గీశాం. వెడల్పు ఇరవై ఎనిమిది. తమ్ముడికి నాలుగడుగులు ఎక్కువ ఎందుకు వచ్చాయని నేను అడగలేదు. అడగకుండానే చాలాసేపు చెప్పాడు.

తూర్పు సగం చివరి గోడ మూయగానే ప్రోగ్రాం ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత రెండు ఇళ్ల మీదా కలిపి ఒకే ఒక పెద్ద ఏటవాలు కప్పు దించింది. మేము టిక్కు తీసేసిన గడులన్నీ పట్టించుకోలేదు. నడుమ గోడకు రెండు వైపులా గదులే ఉన్నాయి గనక అది బయటి గోడ కాదట. కాబట్టి ఇది ఒకే ఇల్లట. వెడల్పు యాభై రెండు. సగం ఇరవై ఆరు. కొన పదమూడు అడుగుల ఎత్తున, తమ్ముడి సగంలో పడింది.

రైతు మొహం మారింది. "టీచరమ్మా, మా తమ్ముడు మీ కాడికి వచ్చిండా?"

"రాలేదు."

"మరి గిదేంది? ఎనిమిదేండ్ల కింద పెద్దమనుషులు కూసోని ఇడదీసిన ఇల్లు. మీరు కలుపుతుండ్రు. పైన ఆ కొన జూడు, వాని దిక్కే ఉన్నది!"

"కంప్యూటర్ కలిపింది కాకా, మేం కాదు."

"దానికేం తెల్సు మా సంగతి? దానికి చెప్పు."

దానికి చెప్పడానికి చాలా ప్రయత్నించాం. నడుమ గోడను రెండు గోడలుగా చీల్చి, మధ్య నాలుగు అంగుళాల సందు పెట్టాం. కప్పు ఆ సందు మీదుగా సాగింది. చివరికి మా పిల్లే ఉపాయం కనిపెట్టింది. ప్రతి చోటూ ఏమిటో ప్రోగ్రాంకు చెప్పవచ్చు. వంటగది, పడకగది, కారు షెడ్డు, ఇట్లా. అందులో కప్పు పడనివి కొన్ని ఉన్నాయి. తమ్ముడి సగాన్ని మొత్తం తోట అని చెప్పింది.

కప్పు నడుమ గోడ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. దాంతో పడమటి మిద్దె మళ్లీ చదునైంది. తూర్పు సగంలో పచ్చగడ్డి మొలిచింది. ప్రోగ్రాం అడగకుండానే అందులో ఒక చెట్టు నాటి, గొడుగు కింద పడక కుర్చీ ఒకటి వేసింది.

రైతు ఆ గడ్డిని చూస్తూ ఉండిపోయాడు. మొహం విప్పారింది.

"గదే మంచిగున్నది. గట్లనే ఉండనీ."

"కాకా, అది ఉత్తదే. కప్పు ఆపనీకె పెట్టినం. ఇది సరిచేసినంక..."

"తెల్సు బిడ్డా, తెల్సు. గానీ కాయితం మీద తియ్యి. రంగులల్ల తియ్యి."

ఇది పూర్తికాని బొమ్మ అని నేను రెండుసార్లు చెప్పాను. అతను రెండుసార్లూ తలూపాడు. కాగితాన్ని చుట్టి, తువాలులో పెట్టుకుని గద్వాల బస్సు ఎక్కాడు.

ఆ వారంలోనే తమ్ముడు వచ్చాడు. అన్న మొహమే, మీసం మాత్రం ఎక్కువ. షటర్ మెట్ల మీద నిలబడే అడిగాడు.

"టీచరమ్మా, నా ఇంట్ల గడ్డి మొలిపిచ్చింది మీరేనా?"

"కూర్చో బాబూ."

"యాడ కూసోవాలె, ఆ గొడుగు కిందనా? మా అన్న ఊరంత తిప్పి చూపిస్తుండు. మా ఇంటిదాని పొయ్యి ఉన్న కాడ చెట్టున్నది. మేం యాడ బోయినమని అడుగుతుండ్రు జనం!"

మా పిల్ల గడగడా మొత్తం చెప్పింది. కప్పులు, గోడలు, టిక్కులు. అతను కూర్చుని ఓపికగానే విన్నాడు. విని, "అయితే నాది గియ్యి. నేను గూడ కడ్త. ఆయన కడితే నేను పాత మిద్దె కింద ఉంటనా? నాది ఇల్లు చెయ్యి, ఆయనది గడ్డి చెయ్యి" అన్నాడు. మళ్లీ ఆగి, "వద్దు. గడ్డి చూడనీకి మంచిగనే ఉన్నది. కప్పు లేనియి ఇంకేమున్నయి?"

మా పిల్ల నా వైపు చూసింది. ఒక ఇల్లు గీయలేక చస్తుంటే రెండో ఇల్లు వచ్చి కూర్చుంది. షటర్ మాటకొస్తే అది మంచిదే. "తోట, రాళ్లు పరిచిన వాకిలి, ఈతకొలను" అని చదివింది.

"అంటే నీళ్లేనా? ముంచు."

ముంచింది. అన్న సగం అంచు దాకా నీలంగా నిండింది. తమ్ముడు తృప్తిగా రంగుల కాగితం పట్టుకుని పోయాడు.

దాని ఫలితం మేమనుకున్నట్టు కాలేదు. ఆ ఊళ్లో అన్న మూడుసార్లు బోరు వేసి మూడుసార్లూ దుమ్ము చూసిన మనిషి. అతని ఇంటి నిండా నీళ్లున్న బొమ్మ ఊళ్లో తిరిగేసరికి నీళ్లు పడ్డాయేమోనని జనం వచ్చి చూశారట. ఫోన్ చేసి మాకు చెప్పింది అన్నే. గొంతులో కోపం లేదు. "వాడే ఒప్పుకున్నడు టీచరమ్మా, నా దిక్కు నీళ్లున్నయని."

ఇద్దరికీ ఇళ్లు కావాలి, ఇద్దరికీ బొమ్మలు నచ్చాయి, పని మాత్రం అంగుళం కదల్లేదు. వేలిముద్ర లేకుండా పంచాయతీ దరఖాస్తు తీసుకోదు. ఉగాది లోపల స్లాబు పడాలంటే దసరాకన్నా ముందే పునాది తీయాలి, అంటే వానాకాలం ముగిసేలోగా అనుమతి కావాలి. ఈ లెక్క వెనక నుంచి ముందుకు చేసి చూశాను. ముందు నుంచి వెనక్కూ చేసి చూశాను. ఎట్లా చేసినా మాకు మిగిలింది చాలా తక్కువ. ఎరువులాయన అప్పటికే వచ్చి, బస్తాలు ఎన్ని పడతాయోనని షటర్ లోతు టేపుతో కొలుచుకుని పోయాడు. మా పిల్ల కుర్చీలోంచి లేవకుండా అతను కొలిచినంతసేపూ మౌస్ ఊరికే కదిలిస్తూ కూర్చుంది.

అట్లాంటప్పుడు తల్లే వచ్చింది.

పొట్టి మనిషి. తెల్లటి జుట్టు, చేతిలో బట్టల మూట. కొడుకులిద్దరూ వెంట వచ్చారు. ఒకే బస్సులో వచ్చినా ఒకడు ముందు తలుపులోంచి, ఒకడు వెనక తలుపులోంచి దిగారట. లోపలికి వచ్చి ఒకే బల్ల మీద చెరో చివర, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్నారు. ఆమె మూట విప్పి రెండు బొమ్మలూ నా ముందు పరిచింది.

"చెల్లె, చూడు. వీని కాయితంల వాడు లేడు. వాని కాయితంల వీడు లేడు. నేను నడిచే మిద్దె ఏ కాయితంల ఉన్నది?"

ఆమె మా పిల్ల వైపు తిరిగింది. "ఈ డబ్బల నడిచి చూపిస్తవంట గదా బిడ్డా. నన్ను నడిపియ్యి. నడిస్తే వేలిముద్ర ఏస్త. పాలు పంచినప్పుడు చూడని కాయితం మీద ఏసిన, ఇగ ఎయ్య."

ప్రోగ్రాంలో మనిషి కళ్లతో నడిచే వీలు ఒకటి ఉంది. బాణం గుర్తు నొక్కితే ముందుకు పోతాం. మా పిల్ల రెండు ఇళ్లూ పక్కపక్కనే ఉన్న బొమ్మ తెరిచింది. ఇన్నాళ్ల కుస్తీలో కప్పులన్నీ ఒక్కొక్కటే చెరిపేసి, రెండు వేర్వేరు మిద్దెలు అమర్చి పెట్టుకున్న బొమ్మ అది. నడిపే బాణం నాకిచ్చింది. నేను ఆమెను పెద్దకొడుకు మెట్ల మీంచి ఎక్కించాను. మిద్దె మీదికి వచ్చింది. ఎండ, పిట్టగోడ, దూరాన ఆకాశం. ఆమె ముందుకు జరిగి కూర్చుంది. నడుమకు వచ్చాం. ఇంకొక్క అడుగు.

తెర గిర్రున తిరిగి చీకటైంది. చూస్తే మేము ఒక పొయ్యి పక్కన నేల మీద ఉన్నాం.

"అయ్యో, పడ్డ!" ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

బల్ల మీది రెండు వీపులూ ఒకేసారి తిరిగాయి.

"మా వంటింట్ల పడ్డది" అన్నాడు చిన్నవాడు, చుట్టం వచ్చినట్టు.

"పడదా మరి?" అన్నాడు పెద్దవాడు. "నా మిద్దె మీద మంచిగనే నడిచింది. నీ దిక్కు కాలు పెట్టంగనే పడ్డది. నీ కట్టుడే అట్లున్నది."

"నీ అంచుల జారింది! నేను చూసిన!"

"ఏం చూసినవు, వీపు పెట్టి కూసున్నవు గదా!"

"నువ్వు జెప్పు అవ్వా, ఏ దిక్కు పడ్డవు?"

ఎనిమిదేళ్ల తర్వాత వాళ్ల మధ్య జరిగిన మొదటి మాటలు ఇవి. అసలు లేని మిద్దె మీంచి, ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్న తల్లి ఎవరి వైపు పడిందని. మా పిల్ల నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కొలిచాను. మేము గోడను చీల్చి పెట్టిన సందు నాలుగు అంగుళాలు. అది నడుమ గీతకు ఇటు రెండు, అటు రెండు.

"చెరి రెండంగుళాలు" అన్నాను. "తప్పు ఇద్దరిదీ సమానం."

ఆ తీర్పు ఇద్దరికీ నచ్చలేదు.

"మళ్ల నడిపియ్యి" అంది తల్లి. "పడకుంట."

పడకుండా నడవాలంటే ఒకటే దారి ఉంది. సందు తీసేయాలి. నడుమ మళ్లీ ఒకే గోడ ఉండాలి. దాని మీద రెండు మిద్దెలు కాదు, ఇటు చివరి నుంచి అటు చివరికి ఒకే నేల, చుట్టూ ఒకే పిట్టగోడ, దాని మూడో పేజీలో అడుగున ఒకే ఒక టిక్కు తీసేయాలి. ఇదంతా నేను పైకే చెప్పాను. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకోలేదు. కానీ అది వద్దని మొదట అన్నవాడు తల్లిని పడేసినవాడవుతాడు. ఇద్దరూ రెండోవాడు అంటాడేమోనని కాచుకుని కూర్చున్నారు. ఆలోపల మా పిల్ల గీసేసింది.

"వాన నీళ్లు?" అన్నాడు పెద్దవాడు, పట్టు దొరికిందన్నట్టు. "ఒకటే మిద్దెయితే వాని నీళ్లు నా గుమ్మంల పడ్తయి."

"నడుమ గోడ మీద అంగుళమున్నర ఎత్తు పెడ్తం కాకా. నీ నీళ్లు నీ వీధికి, ఆయన నీళ్లు ఆయన వీధికి" అంది మా పిల్ల.

అన్నాళ్లూ అడక్కుండా ఆరడుగుల వాలు పెట్టిన ప్రోగ్రాం, ఇప్పుడు అంగుళమున్నర వాలు అడిగితే పెట్టనంది. ఆ ఒక్కటీ కాగితం మీద చేత్తో బాణాలు గీసి చూపించాం.

మళ్లీ బాణం నొక్కాను. పడమటి మెట్లు, మిద్దె, ఎండ. నడుమ గోడ వచ్చింది, పోయింది. ఎవరూ పడలేదు. తూర్పు మెట్ల దగ్గర ఆమె "ఆగు, గీడ దిగాలె" అంది. దిగాం. "మళ్ల ఎక్కు" అంది. ఎక్కాం. అట్లా ఎన్నిసార్లు తిప్పిందో. కొడుకులు బల్ల మీంచి మెడలు చాచి చూస్తున్నారు. చివరికి ఆమెకు కాళ్లు నొప్పి పుట్టినట్టుంది, వెనక్కి ఆనుకుని మోకాళ్లు రుద్దుకుంది.

"గిదే కట్టుండ్రి. వేరే ఏది కట్టినా వేలిముద్ర లేదు."

బొమ్మను పై నుంచి చూసినట్టు కాగితం మీద తీశాం. మా పిల్ల సంతకం చోటు చూపించే లోపలే ఆమె బొటనవేలు సిరా పెట్టెలో అద్ది, మిద్దె సరిగ్గా నడుమ, ఆ గోడ గీత మీద నొక్కింది.

"గాడ కాదవ్వా, కిందికి!"

"నేను నడిచేది గీడనే గదా. కింద నేనేం జేస్త?"

ఇంకో కాగితం తీస్తామంటే ఒప్పుకోలేదు. మూట కట్టుకుని లేచింది. మేం దరఖాస్తుకు ఆ బొమ్మనే జత చేశాం. దాని నలుపు తెలుపు నకళ్లు అన్నకొకటి, తమ్ముడికొకటి, మేస్త్రీకొకటి ఇచ్చాం. అనుమతి వచ్చింది. దసరాకు ముందు పునాది పడింది. అన్నదమ్ములు మేస్త్రీతో విడివిడిగా మాట్లాడేవాళ్లు. మేస్త్రీ ఒకే జవాబు రెండుసార్లు చెప్పేవాడు. నాకు తెలిసి అతను వేరే ఏ ఇంటికీ అంత నోరు నొప్పి పెట్టుకోలేదు.

ఉగాదికి వారం ముందు స్లాబు పోశారు. మామ చూస్తానన్నాడు. కంప్యూటర్ ఇల్లు భూమ్మీద లేచిందో లేదో కళ్లారా చూడాలి కదా. స్లాబు గట్టిపడడానికి దాని మీద నీళ్లు కట్టి ఉన్న రోజుల్లో ముగ్గురం వెళ్లాం. చెప్పులు చేత పట్టుకుని నిచ్చెన ఎక్కాం. మిద్దె ఇటు చివరి నుంచి అటు చివరికి ఒకటే. మామ మూలలన్నీ తిరిగాడు. నడుమకు వచ్చి ఆగాడు.

అక్కడ, నడుమ గోడ మీద సరిగ్గా, నాలుగు మూలల నాలుగు పొట్టి దిమ్మెలకు ఇనుప చువ్వలు నిలబడి ఉన్నాయి. మేము ప్లానులో అట్లాంటివేమీ గీయలేదు. నేను మా పిల్ల వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది.

"ఇవేంది?" అని మేస్త్రీని అడిగాను.

"ట్యాంకుకమ్మా. మీ కాయితంలనే ఉన్నది గదా." జేబులోంచి నకలు తీసి విప్పాడు. నలుపు తెలుపులో ఆ వేలిముద్ర నల్లగా, గుండ్రంగా, చుట్లు చుట్లుగా దిగింది. నల్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకును పై నుంచి చూస్తే అచ్చం అట్లాగే ఉంటుంది. "అన్నను అడిగితే తమ్ముడు పెట్టిచ్చిండేమో అన్నడు. తమ్ముని అడిగితే అన్నను అడగమన్నడు. నేను పెట్టేసిన."

మామ ఆ కాగితం తీసుకుని చూశాడు. వంగి చువ్వల కింద గోడ ఎక్కడుందో అరచేత్తో కొట్టి చూశాడు. లేచి, జీవితంలో మొదటిసారి కోడల్ని పని తెలిసిన మనిషిని చూసినట్టు చూశాడు.

"ఊళ్లల్ల అందరు ట్యాంకును స్లాబు నడుమ ఉత్త గాలి మీద పెడ్తరు, స్లాబు పగిలి పర్రెలొస్తయి. నువ్వు గోడ మీద పెట్టినవు. బరువంత గోడకు దిగుతది. ఇద్దరికీ పైపులు సమానం. గిది ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఎవరు చెప్పలే మామా. అది ట్యాంకు కాదు, అవ్వ వేలిముద్ర."

మామ నవ్వాడు. అతను నవ్వగా నేను అప్పుడే చూశాను. "నాతోటి జోకులెయ్యకు. షటర్ తాళంచెవి రెండోది గూడ నీ దగ్గరనే పెట్టుకో."

ఆమె నిజం చెప్పింది, ఆయన నమ్మలేదు. నేను మాత్రం అక్కడే లెక్క చూశాను. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను. ఆ మిద్దె మీద ఒక టన్ను మోయడానికి అంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు.

అటు తూర్పు నిచ్చెన మీంచి తల్లి ఎక్కి వస్తోంది. నీళ్లలో పాదాలు పెట్టి, ఆ ఇనుప చువ్వల దాకా వచ్చి, వాటిని తేరిపార చూసింది.

"నా దారిల ఏం పాతిండ్రు?" అంది.

జవాబు కోసం ఆగకుండా ఆమె కొంగు దోపుకుని వాటి పక్క నుంచి పడమటి వైపు నడిచి పోయింది.